జోకర్‌కి మతి లేకపోవచ్చు, కోర్టుకి అది చాలదు

గోథమ్ నగరంలో నేరస్థుడి బతుకు ఎలా సాగుతుందో కామిక్స్ చదివినవాళ్లందరికీ తెలుసు. పెద్ద కుట్ర పన్నుతాడు, బ్యాట్‌మన్ చేతిలో తన్నులు తింటాడు, ఆర్కమ్ మానసిక చికిత్సాలయంలో ఒక గదిలో పడతాడు, గోడ దూకుతాడు, మళ్లీ కుట్ర పన్నుతాడు. తన్నులకీ గదికీ మధ్య ఎక్కడో ఒక కోర్టు ఉండి తీరాలి. విచారణ జరగాలి, వైద్యులు బోనెక్కాలి, జ్యూరీ తన మాట చెప్పాలి. కథకులు ఆ ఘట్టాన్ని దాదాపుగా దాటేస్తారు. దాటేయక తప్పదు కూడా. అమెరికా చట్టాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేస్తే ఆర్కమ్‌లో చాలా గదులు ఖాళీ అయిపోతాయి. ఆ రోగుల్లో ఎక్కువమంది ఉండాల్సింది మామూలు జైల్లో.

నిజానికి ఆర్కమ్ మొదటినుంచీ లేదు. బ్యాట్‌మన్‌కి బద్ధశత్రువైన జోకర్ 1940లో పుట్టాడు. ఆర్కమ్ వచ్చింది 1974 అక్టోబరులో, డెనిస్ ఓనీల్ రాసిన బ్యాట్‌మన్ 258వ సంచికలో. రచయిత లవ్‌క్రాఫ్ట్ భయానక కథల్లోని ఊరి పేరే దానికి పెట్టారు. ఆ మధ్య కాలంలో జోకర్ గజదొంగ, హంతకుడు, అంతే. 1942 నాటి ఒక కథలో అతను తన నేరాలన్నీ ఒప్పుకుని విద్యుత్ కుర్చీ ఎక్కుతాడు. శిక్ష అమలయ్యాక అనుచరులు శవాన్ని తీసుకుపోయి ప్రాణం పోస్తారు. ఒకసారి చంపేశారు కనుక పాత నేరాల లెక్క చెల్లిపోయిందని, ఇక తనను ఎవరూ ముట్టుకోలేరని జోకర్ దర్జాగా ఊళ్లో తిరుగుతాడు. చట్టాన్ని ఇంత నేర్పుగా వాడుకోగలిగినవాడు తర్వాతి కాలంలో మతి లేనివాడిగా పేరు తెచ్చుకోవడం విడ్డూరమే. నెలనెలా నడిచే పత్రికకి మాత్రం ఆ మార్పు బాగా కలిసొచ్చింది. మరణశిక్ష పడితే పాత్రే పోతుంది, యావజ్జీవం పడితే జైలు గోడ అడ్డం. ఆసుపత్రి అయితే శిక్ష గడువు ఉండదు, తలుపు ఎప్పుడైనా తెరుచుకోవచ్చు.

చట్టం సంగతికి వస్తే 1843 నాటి లండన్‌కి వెళ్లాలి. ఆ ఏడాది జనవరి 20న డేనియల్ మెక్‌నాటెన్ అనే స్కాట్లాండ్‌వాడు ఎడ్వర్డ్ డ్రమండ్‌ని వెనకనుంచి కాల్చాడు. డ్రమండ్ ప్రధానమంత్రి రాబర్ట్ పీల్‌కి ఆంతరంగిక కార్యదర్శి. పీల్ అనుకునే కాల్చాడని అప్పటివాళ్ల నమ్మకం. పీల్ పార్టీవాళ్లైన టోరీలు తనను ఊరూరా వెంటాడి వేధిస్తున్నారని మెక్‌నాటెన్ భ్రమ. ఐదు రోజులకు డ్రమండ్ చనిపోయాడు. మతిస్థిమితం లేదన్న కారణంతో జ్యూరీ ముద్దాయిని నిర్దోషి అంది. అతన్ని బెత్లెమ్ మానసిక ఆసుపత్రిలో, ఆ తర్వాత బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలో ఉంచారు. 1865లో చనిపోయేదాకా బయటి లోకం చూడలేదు. తీర్పు విని విక్టోరియా రాణి మండిపడింది. ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిచి, అసలు ఏ స్థితిలో ఉన్నవాణ్ని వదిలేయాలో చెప్పమంది. వాళ్లిచ్చిన జవాబులకే మెక్‌నాటెన్ సూత్రాలని పేరు.

వాటి ప్రకారం ప్రతి మనిషీ మతిస్థిమితం ఉన్నవాడే అన్న ఊహతో కోర్టు మొదలుపెడుతుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ముద్దాయి. మనోవ్యాధి వల్ల బుద్ధి దెబ్బతిని, ఆ పని చేస్తున్న సమయానికి తాను చేస్తున్నదేమిటో తెలియకపోవాలి, లేదా అది తప్పని తెలియకపోవాలి. కోర్టు చూసేది ఇంతే. చంపడంలో ఆనందం దొరుకుతోందా, పశ్చాత్తాపం ఉందా, బాల్యంలో ఏం జరిగింది, శవాల పక్కన నిలబడి నవ్వాడా అన్నవి ఈ ప్రశ్నకి జవాబు కావు. వైద్యుడు రాసిచ్చే రోగం పేరు కూడా దానంతటది జవాబు కాదు. తీవ్రమైన జబ్బు ఉన్నవాడికి కూడా తాను చేస్తున్నది హత్య అనీ, హత్య తప్పనీ తెలిసే ఉండొచ్చు.

జోకర్‌ని ఈ కొలతతో చూస్తే కేసు మొదటి పూటే తేలిపోతుంది. ఎవర్ని ఎప్పుడు చంపబోతున్నాడో ముందే ప్రకటిస్తాడు, పోలీసులు ఎటు వస్తారో లెక్కగడతాడు, తప్పించుకునే దారి సిద్ధం చేసుకుంటాడు. అది తప్పని తెలియనివాడికి ఆ హాస్యమే పుట్టదు. జనం దేన్ని తప్పంటారో అదే చేయడంలో ఉంది అతని సరదా. 1988లో మొదలైన ఒక కథలో బ్యాట్‌మన్ సహచరుడైన రెండో రాబిన్‌ని చంపాక జోకర్ ఆశ్రయించింది మానసిక వైద్యుణ్ని కాదు. ఇరాన్ రాయబారి హోదా సంపాదించి, దౌత్య రక్షణ అడ్డం పెట్టుకుని ఐక్యరాజ్యసమితిలో అడుగుపెట్టాడు. ఏ రక్షణ ఎక్కడ పనికొస్తుందో ఎంచుకోగలిగిన ముద్దాయి తరఫున మతిస్థిమితం వాదన ఎత్తుకునే లాయర్ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 1989లో వచ్చిన ఆర్కమ్ కథలో ఒక వైద్యురాలు అతనిది మతిభ్రమణం కాకపోవచ్చనీ, ఆధునిక నగరానికి తగ్గట్టు మారిన మితిమీరిన స్పృహ కావచ్చనీ అంటుంది. సాహిత్యంగా గొప్ప ఊహే. ప్రాసిక్యూటర్‌కి మాత్రం చేతికి అందిన ఆయుధం.

వేషం కూడా ముద్దాయికి వ్యతిరేక సాక్ష్యమే. విచిత్రమైన బట్టలు చూడగానే మతి తప్పినవాడన్న అభిప్రాయం పాఠకుడికి కలుగుతుంది. కోర్టు ఇంకోలా చూస్తుంది. ముసుగు వేసుకున్నాడంటే ముఖం దాచుకోవాలని తెలుసు. ఎందుకు దాచుకోవాలో కూడా తెలుసు. చేతికి గ్లోవ్స్, మారుపేరు, రహస్య స్థావరం, పారిపోవడానికి వాహనం అన్నీ తప్పు చేస్తున్నానన్న ఎరుకకే ఆనవాళ్లు.

టూ-ఫేస్ దగ్గర వ్యవహారం కాస్త చిక్కుపడుతుంది. అతని అసలు పేరు హార్వీ డెంట్, ఒకప్పటి జిల్లా అటార్నీ, అంటే ప్రభుత్వం తరఫున నేరాల కేసులు నడిపే లాయర్. 1942లో వచ్చిన ఈ పాత్ర ప్రతి నిర్ణయాన్నీ ఒక నాణేనికి అప్పగిస్తుంది. మచ్చ లేని ముఖం పడితే మంచి, గీతలు పడిన ముఖం పడితే చెడు. చూడగానే ఇంతకన్నా జబ్బుమనిషి ఉండడనిపిస్తుంది. కానీ ఆ నాణెం పనిచేయాలంటే మంచేదో చెడేదో అతనికి ముందే తెలిసి ఉండాలి. ప్రతి నేరానికీ ముందు తాను చేయబోయేది తప్పని తనంతట తాను ముద్ర వేసుకుంటున్నాడన్నమాట. పైగా చదివింది లా. మెక్‌నాటెన్ సూత్రం కింద గోథమ్‌లో అందరికన్నా అధ్వానంగా ఓడిపోయేది ఇతనే.

అతనికి దొరికే ఆశ మరో సూత్రంలో ఉంది. తప్పని తెలిసినా తనను తాను ఆపుకోలేనివాడి మాటేమిటన్న ప్రశ్న అమెరికా కోర్టులను చాలాకాలం వేధించింది. దాన్ని పరీక్షించడానికి లాయర్లు ఒక మోటు ఉపాయం చెప్పేవారు: పక్కనే పోలీసు నిలబడి ఉన్నా ఆ పని చేసేవాడా? ఈ పరీక్షలో పొడుపుకథలతో నేరాలు చేసే రిడ్లర్‌కి నూటికి నూరు మార్కులు రావాలి. పోలీసు పక్కన లేకపోతే పొడుపుకథ పంపి మరీ పిలుస్తాడు. అయితే అతను ఆపుకోలేనిది పొడుపుకథని, దొంగతనాన్ని కాదు. పొడుపుకథ విసరడం నేరం కాదు. బ్యాంకు కొల్లగొట్టడం నేరం, దానికి మాత్రం అతని దగ్గర పక్కా ప్రణాళిక ఉంది.

1962లో అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన నమూనా శిక్షాస్మృతి ఈ రెండో దారిని కూడా కలుపుకుంది. తప్పని గుర్తించే శక్తిగానీ, ప్రవర్తనను చట్టానికి లోబరుచుకునే శక్తిగానీ చెప్పుకోదగ్గ మేరకు లోపిస్తే బాధ్యత ఉండదంది. టూ-ఫేస్ లాయర్ ఇక్కడ గట్టిగా వాదించవచ్చు. నాణెం పడ్డాక దానికి ఎదురు తిరగలేకపోవడమే అతని జబ్బు కదా. అదే స్మృతి ఇంకో షరతు కూడా పెట్టింది: పదేపదే నేరాలు చేయడం తప్ప మరే లక్షణమూ లేని వైపరీత్యం మనోవ్యాధి కిందికి రాదు. జోకర్ లాంటివాడి ముఖాన తలుపు వేయడానికే ఆ వాక్యం రాశారేమో అనిపిస్తుంది.

రెండో దారి ఎక్కువకాలం నిలవలేదు. 1981 మార్చి 30న జాన్ హింక్లీ అధ్యక్షుడు రీగన్‌పై కాల్పులు జరిపాడు. మరుసటి ఏడాది జూన్‌లో జ్యూరీ మతిస్థిమితం కారణంగా అతన్ని నిర్దోషి అనేసరికి దేశం భగ్గుమంది. 1984లో కాంగ్రెస్ ఫెడరల్ చట్టాన్ని బిగించింది. ఆపుకోలేకపోయానన్న వాదన పోయింది, రుజువు భారం ముద్దాయి మీద పడింది. రాష్ట్రాలు కూడా ఒక్కొక్కటే వెనక్కి తగ్గాయి. హింక్లీ కాల్పులకు ముందే మోంటానా, ఆ తర్వాత ఐడహో, యూటా, కాన్సాస్ ఈ రక్షణను సంప్రదాయ రూపంలో పూర్తిగా ఎత్తేశాయి. కాన్సాస్ చేసింది రాజ్యాంగబద్ధమేనని 2020లో సుప్రీంకోర్టు అంది. తెరమీద కనిపించేంత విరివిగా ఈ వాదన నిజం కోర్టుల్లో వినపడదు. పెద్ద నేరాల కేసుల్లో నూటికి ఒకటి దగ్గర ఎత్తుతారు, ఎత్తినవాటిలో నాలుగో వంతు గెలుస్తాయన్నది తరచూ చెప్పే లెక్క. ఇక గోథమ్ న్యూజెర్సీలో ఉందని బ్యాట్‌మన్ ప్రచురణకర్తలైన డీసీ వారి పాత ప్రచురణలు చెబుతాయి. న్యూజెర్సీ చట్టం ఇప్పటికీ మెక్‌నాటెన్ భాషలోనే ఉంది. 2007లో ఆ రాష్ట్రం మరణశిక్షను రద్దు చేసింది కనుక జోకర్ ప్రాణానికి మాత్రం ఢోకా లేదు.

మెక్‌నాటెన్ న్యాయమూర్తులు చెప్పినదాంట్లో జనం అంతగా పట్టించుకోని భాగం ఒకటుంది. కామిక్స్‌కి అన్నిటికన్నా బాగా అతికేది అదే. మిగతా విషయాల్లో బుద్ధి సరిగ్గానే ఉండి ఒక్క భ్రమలో చిక్కుకున్నవాడి సంగతేమిటి? ఆ భ్రమ నిజమే అనుకుని, అప్పుడతను చేసింది నేరమవుతుందో లేదో చూడమన్నారు. ఎదుటివాడు తనను చంపబోతున్నాడని భ్రమపడి చంపితే ఆత్మరక్షణ, వదిలేయాలి. ఎదుటివాడు తన పరువు తీశాడని భ్రమపడి పగతో చంపితే శిక్షించాలి. పగ తీర్చుకోవడం నిజంగా జరిగినా నేరమే కదా.

బొమ్మ చేత మాట్లాడిస్తున్నట్టు నటించే వెంట్రిలోక్విస్ట్‌ని ఇక్కడ నిలబెడదాం. ఆర్నాల్డ్ వెస్కర్ మెతక మనిషి. అతని ఒళ్లో కూర్చునే చెక్కబొమ్మ స్కార్‌ఫేస్ గ్యాంగ్‌స్టర్. బొమ్మ ఆజ్ఞాపిస్తుంది, వెస్కర్ వణుకుతూ చేస్తాడు. ఆర్కమ్‌లో నిజంగా జాలిపడాల్సిన మనిషి ఇతనొక్కడే అనిపిస్తుంది. అయినా ఆ భ్రమను నిజమనుకుంటే ఏం మిగులుతుంది? ఒక గ్యాంగ్‌స్టర్ బెదిరించి చెప్తే ఇంకో అమాయకుణ్ని చంపాడు. బెదిరింపు వల్ల చేశానన్న వాదన హత్య కేసులో చెల్లదన్నది ఆంగ్ల న్యాయంలో పాత సూత్రం. బొమ్మకి నిజంగా ప్రాణం ఉన్నా వెస్కర్ బయటపడడు. ఇది న్యాయమా అంటే కాదనే చెప్పాలి. జబ్బుతో లోకాన్నే తప్పుగా చూస్తున్నవాణ్ని, ఆ తప్పుడు లోకంలోనైనా చట్టం తప్పకుండా నడవమనడం తర్కానికి బాగుంటుంది, మనిషికి సరిపోదు. ఈ భాగాన్ని చాలాచోట్ల పక్కన పెట్టేయడానికి కారణం అదే.

దేవుడి పేరుతో చేసే నేరాలది ఇంకో దారి. 1915లో న్యూయార్క్‌లో న్యాయమూర్తి కార్డోజో ఒక గీత గీశాడు. దేవుడే ఆజ్ఞాపించాడని మతిభ్రమలో నమ్మి బిడ్డను చంపిన తల్లికి అది తప్పని తెలుసనలేం. తన సిద్ధాంతం ప్రకారం ప్రభుత్వాలను కూల్చడం ఒప్పని నమ్మి చంపే అరాచకవాదికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. పాయిజన్ ఐవీ ఈ గీతకి అవతలే ఉంటుంది. మొక్కల ప్రాణం మనిషి ప్రాణం కన్నా విలువైనదనడం ఆమె నమ్మకం, జబ్బు కాదు. సొంత నీతి చెప్పుకుని చంపినవాడికి ఈ రక్షణ లేదని న్యూజెర్సీ సుప్రీంకోర్టు కూడా 1990లో స్పష్టం చేసింది. తానే గ్రీకు దేవుడు జియస్‌నని నమ్మే మాక్సీ జియస్‌కి మాత్రం కొంత ఆశ ఉంది. ఆజ్ఞ ఇచ్చిన దేవుడూ పాటించిన భక్తుడూ ఒకడే అయితే ఏం చేయాలో కార్డోజో చెప్పలేదు.

విచారణ గెలిచినంత మాత్రాన ముద్దాయి ఇంటికి పోడు. ఆ సంగతి చాలామందికి తెలియదు. చిన్న నేరానికి ఈ వాదన ఎత్తితే మొదటికే మోసం వస్తుంది. జాకెట్ దొంగిలించబోయి పట్టుబడిన ఒకతనికి గరిష్ఠ శిక్ష ఏడాదే. మతిస్థిమితం పేరిట నిర్దోషి అయ్యాక ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయాడు. అందులో తప్పు లేదని 1983లో అమెరికా సుప్రీంకోర్టు అంది. జబ్బు నయమయ్యేదాకా లేదా ప్రమాదం పోయేదాకా ఉంచవచ్చు, శిక్ష కాలంతో దానికి సంబంధం లేదు.

తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన ఫౌచా తీర్పే ఆర్కమ్‌కి అసలైన గండం. లూసియానాలో ఒక ముద్దాయి మతిస్థిమితం పేరుతో నిర్దోషిగా ఆసుపత్రికి వెళ్లాడు. తర్వాత వైద్యులు జబ్బు పోయిందన్నారు. ఉన్నది సంఘవ్యతిరేక స్వభావమేననీ, అది చికిత్స చేసే జబ్బు కాదనీ, మనిషి మాత్రం ప్రమాదకరంగానే ఉన్నాడనీ చెప్పారు. ప్రమాదకరమన్న ఒక్క కారణంతో అతన్ని ఆసుపత్రిలో ఉంచడం కుదరదని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. దీన్ని జోకర్‌కి పెట్టి చూస్తే ఆర్కమ్ వైద్యుల పరిస్థితి అర్థమవుతుంది. అతనికి జబ్బు లేదని నిజాయితీగా రాస్తే వదిలేయాలి. జైలుకి పంపలేరు, ఆ నేరాల్లో నిర్దోషి అయిపోయాడు, మళ్లీ విచారించకూడదు. ఉందని రాస్తే అబద్ధం. న్యూజెర్సీలోనైతే 1975 నాటి క్రోల్ తీర్పు ప్రకారం కోర్టు గడువు గడువుకీ ఈ ప్రశ్న మళ్లీ అడుగుతూనే ఉంటుంది. గోడ దూకే శ్రమ జోకర్‌కి అనవసరం. మంచి లాయర్ని పెట్టుకుని గడువుదాకా ఆగితే చాలు.

వీరుల వైపు సమస్యలు వేరు. హల్క్‌గా మారిన బ్రూస్ బ్యానర్ చేసిన విధ్వంసం అతని ఇష్టప్రకారం జరిగింది కాదు, అందుకే మతిస్థిమితం దాకా వెళ్లక్కర్లేదు, అసలు అది అతని చర్యే కాదనవచ్చు. కానీ న్యూయార్క్ అప్పీళ్ల కోర్టు 1956లో ఒక కేసు తేల్చింది. మూర్ఛ జబ్బు ఉందని తెలిసీ కారు నడిపిన వ్యక్తికి దారిలో మూర్ఛ వచ్చి నలుగురు పిల్లలు చనిపోయారు. మూర్ఛలో ఉన్నప్పుడు స్పృహ లేదు నిజమే, స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఉంది కదా అంది కోర్టు. కోపం వస్తే ఏమవుతాడో తెలిసిన బ్యానర్ కిక్కిరిసిన మన్‌హట్టన్ వీధిలోకి వచ్చిన క్షణాన్నే ప్రాసిక్యూటర్ పట్టుకుంటాడు. 2002 నాటి స్పైడర్‌మ్యాన్ సినిమాలోని విలన్ గ్రీన్ గోబ్లిన్‌కి ఈపాటి సానుభూతి కూడా దొరకదు. పరీక్ష పూర్తికాని మందును తనంతట తానే ఎక్కించుకున్నాడు.

శత్రువులు మెదడు కడిగి హంతకుడిగా మార్చిన వింటర్ సోల్జర్‌ది అందరూ సులభమనుకునే కేసు. నిజంగా ఇలాంటి వాదన జ్యూరీ ముందుకు వచ్చినప్పుడు అంత సులభంగా సాగలేదు. తనను ఎత్తుకుపోయిన ముఠాతోనే కలిసి బ్యాంకు దోపిడీలో పాల్గొన్న ప్యాట్రీషియా హర్స్ట్‌ని 1976లో జ్యూరీ దోషి అంది. ఆమెకు ఊరట అధ్యక్షుల నుంచి దొరికింది. కార్టర్ 1979లో శిక్ష తగ్గించాడు, క్లింటన్ 2001లో క్షమాభిక్ష పెట్టాడు.

మూన్ నైట్ అనే వీరుడి దగ్గర ఒకే శరీరంలో పలువురు ఉంటారు. అందులో ఎవరు ముద్దాయి? ఒహాయోలో రెండు జవాబులు దొరుకుతాయి. 1978లో బిల్లీ మిల్లిగన్ బహుళ వ్యక్తిత్వాల కారణంగా నిర్దోషి అయ్యాడు. నాలుగేళ్లకే అదే రాష్ట్రంలో తాగి బండి నడిపిన కేసులో ఇంకో కోర్టు ఆ లెక్కే వద్దంది: అప్పుడు శరీరాన్ని నడిపినది ఏ వ్యక్తిత్వమైనా, ఉన్నది ఒకే మనిషి.

ఈ ప్రశ్న తెలుగు ప్రేక్షకులకు కొత్తది కాదు. 2005లో శంకర్ తీసిన తమిళ సినిమా ‘అపరిచితుడు’గా తెలుగులోకి వచ్చి ఊళ్లకు ఊళ్లను ఊపేసింది. మెతక లాయరు, ప్రేమికుడైన మోడల్, గరుడపురాణం శిక్షలు అమలు చేసే హంతకుడు ఒకే శరీరంలో ఉంటారు. చివర్లో కోర్టు అతన్ని నిర్దోషి అని చికిత్సకి పంపుతుంది. మన శిక్షాస్మృతిలో అప్పటి సెక్షన్ 84, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 22, మెక్‌నాటెన్ సూత్రాలకు దగ్గరి చుట్టమే. పని చేసే సమయంలో మతిస్థిమితం లేక, ఆ పని స్వభావంగానీ, అది తప్పు లేదా చట్టవిరుద్ధం అన్న సంగతిగానీ తెలుసుకోలేని స్థితి ఉండాలి. ఆపుకోలేకపోయానంటే మన చట్టం వినదు. వైద్యుడి లెక్కలో జబ్బు వేరు, చట్టం లెక్కలో మతిస్థిమితం లేకపోవడం వేరని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ముద్దాయికి ఒక్క మేలుంది: 1964 నాటి దహ్యాభాయ్ తీర్పు ప్రకారం సివిల్ దావాలో లాగా సంభావ్యత తనవైపు మొగ్గుతోందని చూపిస్తే చాలు, సందేహాతీతంగా నిరూపించక్కర్లేదు.

ఆ వెసులుబాటుతో కూడా అపరిచితుడి కేసు గట్టెక్కదు. ఫిర్యాదులు వెబ్‌సైట్‌లో చదువుతాడు, దోషిని ఎంచుకుంటాడు, తప్పుకి తగిన నరకాన్ని పురాణంలో వెతుకుతాడు, దానికి కావలసిన సరంజామా సమకూర్చుకుంటాడు. లాయరు వ్యక్తిత్వానికి ఇవేమీ తెలియవన్నది నిజమే కావచ్చు. చంపుతున్న సమయానికి శరీరం ఎవరి చేతిలో ఉందో అతనికి మాత్రం అన్నీ తెలుసు. అది ధర్మమని అతని నమ్మకం. చట్టం ఒప్పుకోదని కూడా తెలుసు, ఆ చట్టం చేతకానిదన్నదే కదా అతని ఫిర్యాదు.

సినిమా అక్కడితో ఆగదు. రెండేళ్ల తర్వాత నయమైందని వదిలేసిన మనిషి రైల్లో, చెల్లెలి చావుకి కారకుడైన తాగుబోతుని చూసి బయటికి తోసేస్తాడు. ఏమీ జరగనట్టు తిరిగొస్తాడు, ఎవరికీ చెప్పడు. థియేటర్లలో ఈలలు పడిన ఘట్టమది. చట్టానికి ఇందులో తేల్చాల్సిన చిక్కే లేదు. వ్యక్తిత్వాలు కలిసిపోయాయి, చేసిందేమిటో తెలుసు, దాచాల్సిన అవసరమూ తెలుసు. సెక్షన్ 84 ఆ క్షణం గురించే అడుగుతుంది కాబట్టి పాత తీర్పు గానీ, ఆసుపత్రి కాగితాలు గానీ ఇక్కడ అడ్డు రావు. అప్పటి లెక్కలో అది సెక్షన్ 302, హత్య.